మమ్మల్ని ఎవరు అడిగారు?

1859 మే నెల తొలి రోజులు. మీరు మీరట్ కంటోన్మెంట్‌లో ఉన్నారు. పొద్దు గుంకి చాలాసేపైనా నేల సెగ తగ్గలేదు. గుర్రపు శాలల వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా గడ్డి, పేడ, తోలు వాసనలు కలిసి వస్తున్నాయి. తెల్ల సిపాయిల బారకు వరండాలో ఒక మనిషి గోడకు చేరగిలబడి పంకా తాడు లాగుతున్నాడు. లోపల మంచాలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి.

ఆ మంచాల మీద పడుకోవాల్సినవాళ్ళు చీకట్లో గుమిగూడారు. దగ్గరికి వెళ్ళండి, భయం లేదు. ఫిరంగి దళం వాళ్ళున్నారు, యూరోపియన్ లైట్ కావల్రీ వాళ్ళున్నారు. వీళ్ళు ఎవరినీ చంపడానికి రాలేదు, ఖజానా దోచడానికీ రాలేదు. పటాలంలో ఉంటూ పటాలం మాట వినం అనడానికి ఎంత ధైర్యం కావాలో లెక్క వేసుకుంటున్నారు. పగలు గోడల మీద బొగ్గుతో, సుద్దతో రాసిన రాతలు మీరు చూసే ఉంటారు. కంపెనీ పోయింది, రాణి కింద మేం కొలువు చేయం అన్నదే వాటి సారాంశం.

గొడవ ఏమిటో వినండి. ఈ మనుషులంతా ఈస్టిండియా కంపెనీ పేరు మీద చేరినవాళ్ళు. ఇంగ్లండులోనో ఐర్లండులోనో రిక్రూటింగ్ సార్జెంటు వెంట వెళ్ళి, ఇన్నేళ్ళు కంపెనీ కొలువు చేస్తామని ప్రమాణం చేసి ఓడెక్కారు. కంపెనీ కొలువంటే హిందూస్థానంలో కొలువు. అదే బ్రిటన్ రాణిగారి పటాలంలో చేరితే నేడు ఇక్కడ, రేపు కెనడాలోనో ఆఫ్రికా కొసనో. కంపెనీ సిపాయికి చదువూ నడవడీ ఉంటే రోడ్ల పనుల్లో ఓవర్సీరు కావచ్చు, ఆయుధాగారంలో చిన్న పదవికి ఎదగొచ్చు. ఇక్కడే పెళ్ళి చేసుకోవచ్చు, ఇక్కడే ముసలితనం గడపవచ్చు. ఇవన్నీ చూసుకునే వాళ్ళు సంతకం పెట్టారు.

1858 ఆగస్టులో లండన్‌లో ఒక చట్టం వచ్చింది. కంపెనీ ఏలుబడి పోయి రాణి ఏలుబడి మొదలైంది. నవంబరు 1న అలహాబాదులో గవర్నర్ జనరల్ కానింగ్ రాణిగారి ప్రకటన చదివాడు. కోటలు, ఖజానాలు, ఫిరంగులు, గుర్రాలు చేతులు మారాయి. వాటితోపాటు కంపెనీ యూరోపియన్ సిపాయిలు కూడా చేతులు మారినట్టేనని చట్టం తేల్చేసింది. జీతం అదే, షరతులూ అవే. కాబట్టి కొత్త ప్రమాణం అక్కర్లేదనీ, ఎవరినీ అడగాల్సిన పని లేదనీ పెద్దలు అనుకున్నారు. పాకతోపాటు గొడ్లను కూడా అమ్మేశారే అన్నది బారకుల్లో రగులుతున్న బాధ.

ఆ బాధకు ఒక ఆధారం కూడా దొరికింది. చట్టం మీద చర్చ జరిగిన రోజుల్లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు పామర్‌స్టన్ ప్రభువు పార్లమెంటులో ఒక మాట అన్నాడు. బదిలీ ఇష్టం లేని సిపాయికి డిశ్చార్జి పొందే హక్కు ఉంటుందన్నది దాని తాత్పర్యం. ఆ ప్రసంగం అచ్చయిన పత్రికలు బారకులకు చేరాయి. చదువు వచ్చినవాడు చదివాడు, రానివాడు విన్నాడు. అయితే లండన్‌లోని న్యాయాధికారులు అలాంటి హక్కేదీ లేదని అభిప్రాయం ఇచ్చారు. 1859 ఏప్రిల్లో కానింగ్ ప్రభుత్వం ఆ సంగతే సైన్యానికి చెప్పింది. ఆ తర్వాతే మీరట్ గోడల మీద రాతలు వెలిశాయి.

అటు పటాలాల్లో ఇంకో ఆనవాయితీ ఉంది. ఒక పటాలం నుంచి ఇంకో పటాలంలోకి ఇష్టపడి మారే సిపాయికి బౌంటీ కింద కొంత సొమ్ము ఇస్తారు. వీళ్ళు అడిగింది ఈ రెండింటిలో ఒకటి: రాణి కొలువులోకి రమ్మని అడిగి బౌంటీ ఇవ్వండి, లేదా డిశ్చార్జి ఇచ్చి ఇంటికి పంపండి. ఇది డబ్బాశ అని అప్పటి అధికారులు కొందరు ఈసడించారు. వీళ్ళ మాటలు ఓపిగ్గా వింటే అసలు సంగతి తెలుస్తుంది. బౌంటీ ఇచ్చారంటే ముందుగా అడిగారన్న మాట. మనిషిని అడిగారు అనడానికి ఆ సొమ్ము సాక్ష్యం.

ఈ గుంపును కాసేపు ఇక్కడే వదిలి నాతో రండి. నాలుగడుగులు వేస్తే పెరేడ్ మైదానం వస్తుంది. కాలాన్ని రెండేళ్ళు వెనక్కి తిప్పుదాం.

1857 ఏప్రిల్ 24 ఉదయం. ఇదే మీరట్. బెంగాల్ 3వ లైట్ కావల్రీకి చెందిన 90 మంది సవార్లు వరుస కట్టి నిలబడ్డారు. కర్నల్ కార్మైకేల్ స్మిత్ వాళ్ళను తూటాలు అందుకోమన్నాడు. 85 మంది అందుకోలేదు. అందులో హిందువులున్నారు, ముస్లిములున్నారు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారని చెప్పుకుంటున్న ఆ తూటా ముట్టుకుంటే రేపు ఊళ్ళో తన పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినరన్న భయం ప్రతి ముఖంలోనూ కనిపిస్తోంది. వాళ్ళు ఎవరి మీదా కత్తి ఎత్తలేదు, తమ అధికారిని తిట్టలేదు. చెయ్యి చాచలేదు, అంతే.

వాళ్ళను కోర్టు మార్షల్ చేశారు. 85 మందికీ పదేళ్ళ కఠిన శిక్ష పడింది. వయసులో చిన్నవాళ్ళయిన 11 మందికి జనరల్ హ్యూయిట్ శిక్షను సగానికి తగ్గించాడు. మే 9 ఉదయం అందరినీ మళ్ళీ మైదానంలోకి తెచ్చారు. మీరు కూడా ఆ చతురస్రం అంచున నిలబడండి. చుట్టూ గోరా పటాలం, గుండు దట్టించిన ఫిరంగులు. సవార్ల ఒంటి మీది యూనిఫారం ఊడదీశారు. కమ్మరివాళ్ళు ముందుకొచ్చి ఒక్కొక్కరి కాళ్ళకూ సంకెళ్ళు బిగించడం మొదలుపెట్టారు. సుత్తి దెబ్బలు గంటల తరబడి వినిపిస్తూనే ఉన్నాయి. ఎండలో నిలబడి అది చూస్తున్న తోటి సిపాయిల దవడలు బిగుసుకున్నాయి. మర్నాడు, మే 10 సాయంత్రం, మీరట్ భగ్గుమంది. ఆ మంట ఢిల్లీకి, కాన్పూరుకు, లక్నోకు పాకింది. అణచివేత రోజుల్లో పట్టుబడిన సిపాయిలను ఉరి తీశారు, ఫిరంగి మూతులకు కట్టి పేల్చారు.

ఇప్పుడు తిరిగి 1859లోకి రండి. అదే కంటోన్మెంట్, అదే మే నెల. ఈసారి కూడా సిపాయిలు చెప్పింది వినం అంటున్నారు. ఈసారి వాళ్ళు తెల్లవాళ్ళు.

సంకెళ్ళు రాలేదు. కోర్టు ఆఫ్ ఎంక్వైరీ వచ్చింది. ఆ గదిలోకి తొంగి చూడండి. బల్ల వెనక అధికారులు కూర్చున్నారు. పక్కన గుమస్తా కలం సిరాలో ముంచుకుంటున్నాడు. సిపాయిని ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. నీ ఫిర్యాదు ఏమిటి, నీకేం కావాలి అని అడుగుతున్నారు. లోపలికొచ్చినవాడు టోపీ చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, తన మాట తాను చెప్పుకుంటున్నాడు. గుమస్తా రాసుకుంటున్నాడు. నేను కంపెనీకి మాట ఇచ్చాను, రాణికి కాదు. రాణిగారంటే గౌరవమే, కానీ నన్నెవరూ అడగలేదు అన్న వాదన కాగితాల నిండా పేరుకుపోతోంది. మీరట్‌లోనే కాదు, ఉత్తరాదిలోని ఎన్నో కంటోన్మెంట్లలో ఇదే విచారణ సాగుతోంది. రెండేళ్ళ కింద 85 మంది సవార్ల మాట కూడా ఇలా ఓపిగ్గా విని ఉంటే చరిత్ర ఎలా నడిచేదో ఎవరు చెప్పగలరు?

మన ప్రయాణం ఇక కలకత్తాకు. గవర్నర్ జనరల్ బల్ల మీద తంతి వార్తలు గుట్టగా పడ్డాయి. కానింగ్ ముందున్న చిక్కు చిన్నది కాదు. 1857 తిరుగుబాటు మంటలు ఆరి ఏడాది కూడా నిండలేదు. అప్పుడు నల్ల సిపాయిలను అణచడానికి తెల్ల సిపాయిలు ఉన్నారు. ఇప్పుడు తెల్ల సిపాయిలను ఎవరితో అణచాలి? రాణిగారి పటాలాలను వీళ్ళ మీదికి పంపితే వాళ్ళు కాలుస్తారన్న నమ్మకం ఉందా? తెల్లవాళ్ళు తెల్లవాళ్ళను కాల్చుకోవడం దేశమంతా చూస్తే ఆ తర్వాత ప్రభుత్వానికి మిగిలే పరువెంత? సైన్యాధిపతి లార్డ్ క్లైడ్ సామాన్య కుటుంబం నుంచి పైకొచ్చిన సైనికుడు. సిపాయిల గోడులో న్యాయం ఉందని ఆయన గ్రహించాడు.

జూన్ 20న ఉత్తర్వు వెలువడింది. మళ్ళీ మైదానానికి వెళ్ళి వరుసలో నిలబడండి. అధికారి కాగితం విప్పి చదువుతున్నాడు. బౌంటీ లేదు. అయితే కొలువులో ఉండటం ఇష్టం లేనివాళ్ళు డిశ్చార్జి తీసుకోవచ్చు. ఓడ ఖర్చు ప్రభుత్వమే భరించి ఇంగ్లండు చేరుస్తుంది.

చట్టం ప్రకారం ఇది హక్కు కాదని, దయతో ఇస్తున్న సదుపాయమని ప్రభుత్వం చెప్పుకుంది. ఇంతకాలం కోపంతో అరిచినవాళ్ళలో కొద్దిమందే నిజంగా వెళ్తారని అధికారులు అనుకున్నారు. వాళ్ళ లెక్క తప్పింది. మూడు ప్రెసిడెన్సీల్లో కలిపి కంపెనీ యూరోపియన్ దళాల్లో దాదాపు పదివేల మంది పేర్లు రాయించుకున్నారు. కొన్ని దళాలు దాదాపు ఖాళీ అయిపోయాయి. సూయజ్ కాలువ తెరవడానికి ఇంకా పదేళ్ళుంది. వీళ్ళంతా ఆఫ్రికా కొస చుట్టి, నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి ఇల్లు చేరాలి. చేరాక వాళ్ళలో చాలామంది తిరిగి రాణిగారి సైన్యంలోనే చేరారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సైనికులకు వెళ్ళిపోయే దారి తెరిస్తే సైన్యాలు కూలిపోతాయి అని నమ్మేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1859లో దారి తెరిచారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. వాళ్ళలో చాలామంది, ఈసారి తమ ఇష్టంతో, అదే రాణి కొలువుకు వచ్చారు. వాళ్ళు పోట్లాడింది పని మీద కాదు, రాణి మీద అంతకన్నా కాదు. తమను అడగకుండా ఇంకొకరికి అప్పజెప్పినందుకు పోట్లాడారు.

దారి ఎప్పుడూ తెరిచే ఉండలేదని కూడా చూడాలి. 5వ బెంగాల్ యూరోపియన్ పటాలం 1859లో బెంగాల్‌లోని బర్హంపూర్‌లో గట్టిగా ఎదురు తిరిగింది. మరుసటి ఏడాది దానాపూర్‌లోనూ దాని అలజడి ఆగలేదు. అప్పటికి క్లైడ్ వెళ్ళిపోయి హ్యూ రోజ్ సైన్యాధిపతిగా వచ్చాడు. 1860 నవంబరులో ఆ పటాలం సిపాయి విలియం జాన్సన్‌ను దానాపూర్‌లో తుపాకులతో కాల్చి చంపారు. పటాలాన్నే రద్దు చేశారు. ఏడాది కింద పదివేల మందికి ఓడ టిక్కెట్టు ఇచ్చిన ప్రభుత్వమే ఇది. దయతో ఇచ్చింది దయ తప్పగానే పోతుంది. హక్కుకూ సదుపాయానికీ ఉన్న తేడా జాన్సన్ ప్రాణం తీసింది.

అయినా ప్రభుత్వం ఒక పాఠం నేర్చుకుంది. 1861లో కంపెనీ యూరోపియన్ పటాలాలను బ్రిటిష్ సైన్యంలో పూర్తిగా కలిపేటప్పుడు సిపాయిలను ఒక్కొక్కరినీ అడిగారు. ఇష్టపడినవాళ్ళకు బౌంటీ ఇచ్చారు. రెండేళ్ళ కింద మీరట్ చీకట్లో గుమిగూడినవాళ్ళు కోరింది సరిగ్గా అదే. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే పదివేల మందిని ఓడలెక్కించాల్సిన అవసరం వచ్చేదా?

ఇప్పుడు మన కాలానికి, మన సైన్యానికి రండి. ఒక యూనిట్ ఆఫీసు గది బయట నిలబడండి. బెల్టు బిగించుకుని, బూట్లు పాలిష్‌తో మెరిపించుకుని ఒక జవాను లోపలికి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. అతనిది శ్రీకాకుళం పల్లె కావచ్చు, పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం కావచ్చు. ఊళ్ళో తండ్రి మంచం పట్టాడు, చూసే దిక్కు లేదు. అతని చేతిలో డిశ్చార్జి దరఖాస్తు ఉంది. లోపల సీఓ సాబ్ ఏమంటారో తెలియక గుండె కొట్టుకుంటోంది.

ఆ దరఖాస్తు భవితవ్యం 1954 ఆర్మీ రూల్స్‌లోని 13వ రూల్ చేతిలో ఉంది. సొంత కోరిక మీద డిశ్చార్జి ఇవ్వవచ్చని అది చెబుతుంది. అయితే విన్నపం మన్నించదగ్గదని సీఓకు, అంటే కమాండింగ్ ఆఫీసరుకు, నమ్మకం కలగాలి, యూనిట్ బలం మరీ తగ్గకూడదు. అంటే జవాను కోరగలడు, పట్టుబట్టలేడు. కాదంటే ఉండిపోవాలి. ఉండలేక వెళ్ళిపోతే 1950 ఆర్మీ యాక్టు 39వ సెక్షను కింద సెలవు లేని గైరుహాజరుకు మూడేళ్ళ దాకా జైలు. పటాలం వదిలి పారిపోయాడని 38వ సెక్షను కింద తేలితే ఏడేళ్ళ దాకా. యుద్ధ విధుల్లో అయితే మరణశిక్ష కూడా పడవచ్చు. పల్టన్‌లో అలాంటివాణ్ణి భగోడా అంటారు. ఆ పేరు ఊరిదాకా వెంటాడుతుంది. పెన్షన్ సంగతి వేరే చెప్పాలి. పదిహేనేళ్ళ సర్వీసు నిండకుండా వెళ్తే జవానుకు సర్వీసు పెన్షను రాదు.

వైమానిక దళంలో పనిచేస్తూ అనుమతి లేకుండా బ్యాంకు ఉద్యోగంలో చేరిన ఒక ఎయిర్‌మన్ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒప్పుకున్న కాలం నిండకముందే తన ఇష్టానికి సర్వీసు వదిలే తిరుగులేని హక్కు సైనికుడికి లేదని 2019 జూలైలో కోర్టు చెప్పింది. సాయుధ దళాల అవసరం ముఖ్యమంది. ఈ తీర్పు వెనక గట్టి కారణమే ఉంది. విమానం ఇంజను విప్పి బిగించగల మనిషిని తయారు చేయడానికి ఏళ్ళు పడుతుంది. సరిహద్దులో పోస్టు ఖాళీ అయితే అవతలివాడు వేచి ఉండడు. అందుకే రాజ్యాంగం 33వ అధికరణంలో సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది.

దీన్నంతా ఒప్పుకుంటూనే ఒక మాట అనాలి. కుదించడం వేరు, తుడిచేయడం వేరు. వెట్టిని నిషేధించిన 23వ అధికరణం అదే రాజ్యాంగంలో ఉంది. నిర్బంధ శ్రమ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 1930 ఒప్పందాన్ని భారతదేశం 1954లో ఆమోదించింది. తమంతట తాము సైన్యంలో చేరినవాళ్ళు శాంతికాలంలో సహేతుకమైన గడువుతో నోటీసు ఇచ్చి వెళ్ళగలగాలని ఆ సంస్థ నిపుణుల సంఘం చెబుతూ వస్తోంది. యుద్ధం మధ్యలో తుపాకీ పారేసి వెళ్ళే హక్కును ఎవరూ అడగడం లేదు. యుద్ధం లేనప్పుడు, గడువు ఇచ్చి, లెక్కలు తేల్చి, గౌరవంగా గేటు దాటి వెళ్ళే దారి అడుగుతున్నారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకాన్ని ఈ కొలతతో చూడండి. ఆ జూన్ 17న పథకం మీద నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషనులో రైలు పెట్టెలు తగలబడిన పొగ మనమంతా టీవీల్లో చూశాం. కాల్పుల్లో మన యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పథకం ప్రకారం నాలుగేళ్ళకు పట్టుమని పాతిక శాతం మందికి మించి కొలువులో కొనసాగించరు. మిగతావాళ్ళను పంపించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ నాలుగేళ్ళలోపు సొంత కోరిక మీద వెళ్ళే వీలు మాత్రం, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప, పథకం కింద చేరిన అగ్నివీరుడికి లేదు. తలుపు ఒకవైపు నుంచే తెరుచుకుంటుంది. ఒప్పందమంటే రెండు వైపులా మనుషులుండాలి కదా?

మీరట్ చీకట్లో మనం చూసిన తెల్ల సిపాయిలు గొప్ప విప్లవకారులు కారు. రెండేళ్ళ కింద సంకెళ్ళు పడ్డ సవార్ల కోసం వాళ్ళు నోరెత్తలేదు. వాళ్ళలో ఎంతోమంది ఆ సవార్ల తోటివాళ్ళను వేటాడినవాళ్ళే. అయినా వాళ్ళు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. చర్మం రంగు చూసి ఒకరికి సంకెల, ఒకరికి ఓడ టిక్కెట్టు ఇచ్చింది వలస ప్రభుత్వం. స్వతంత్ర దేశంలో ఆ ప్రశ్నకు జవాబు అధికారి మనసు మీద, దరఖాస్తుదారు అదృష్టం మీద ఆధారపడకూడదు.

పార్లమెంటు చేయాల్సిన పని ఇది. శాంతికాలంలో జవానుకు నోటీసు ఇచ్చి తప్పుకునే హక్కును చట్టంలో రాయాలి. ఎంత గడువో, ఎంత శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలో ముందే చెప్పాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, ఆ కారణం మీద అప్పీలుకు వీలుండాలి. యుద్ధం, అత్యవసర పరిస్థితి వస్తే ఆ హక్కు ఆగుతుందని కూడా అందులోనే రాయాలి. వెళ్ళగలిగి కూడా ఉండిపోయిన సైనికుడే దేశానికి అసలైన బలం.